నెల్లూరు శివారులో ఒక వెంచర్: రోడ్లు బాగున్నాయి, పార్కే ప్లాట్లవుతోంది

నెల్లూరు నగరానికి దక్షిణాన, జాతీయ రహదారికి కొద్ది దూరంలో, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతితో వేసిన పన్నెండు ఎకరాల లేఅవుట్‌లో ప్లాటు కొని, ఇల్లు కట్టుకుని, అక్కడే కాపురం ఉంటున్న వాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. వివాదం ఇంకా తేలలేదు కనుక సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్ముతున్న వెంచర్లు జిల్లాలో మరికొన్ని ఉండవచ్చు కాబట్టి, పేరు తెలియకపోయినా కొనదలచినవారికి ఈ వివరాలు పనికివస్తాయి.

ముందుగా బాగున్నవి చెబుతాను. లోపలి రోడ్లు ప్లానులో చూపిన వెడల్పుతోనే వేశారు. వాటి అంచులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు చెప్పిన గడువుకు కాస్త అటూఇటూగా వచ్చాయి. రిజిస్ట్రేషన్ రోజున సంస్థ మనుషులు దగ్గరుండి పని పూర్తి చేయించారు, పైడబ్బులేమీ అడగలేదు. అంకణం (ఇక్కడి స్థలం కొలత) ధర చుట్టుపక్కల వెంచర్ల కంటే ఎక్కువే అయినా, బ్రోచర్‌లో నట్టనడుమ పచ్చరంగు వేసి చూపిన పార్కును చూసే మాలో చాలామంది ఆ తేడాకు ఒప్పుకున్నాం.

ఇప్పుడు ఆ పచ్చరంగు దగ్గరే చిక్కు వచ్చింది. మన రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో పది శాతం ఖాళీ స్థలంగా వదిలి, దానిని స్థానిక సంస్థకు రిజిస్టరు దానపత్రం ద్వారా ఉచితంగా అప్పగించాలి. పన్నెండు ఎకరాలకు అది ఎకరా ఇరవై సెంట్లు అవుతుంది. నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు కనుక, ఆ స్థలం 726 అంకణాలు. ముప్పైయారు అంకణాల ప్లాట్లుగా కోస్తే ఇరవై ప్లాట్లు వస్తాయి. మిగిలిన ప్లాట్లన్నీ అమ్ముడైపోయిన సంస్థకు ఆ ఇరవై ప్లాట్లు ఎందుకు కనబడ్డాయో వేరే చెప్పనవసరం లేదు.

ఒక ఉదయం లేచి చూసేసరికి, పిల్లలు షటిల్ ఆడుకునే చోట మోకాలి ఎత్తు సిమెంటు రాళ్లు వరుసగా నాటి, వాటి నెత్తిన పసుపు రంగు పూసి, నల్లటి అక్షరాలతో నంబర్లు వేసి ఉన్నాయి. రంగు ఇంకా చేతికి అంటుతోంది. నెట్టు కట్టుకునే రెండు గొట్టాలను పీకి కాలువ పక్కన పడేశారు. కాసేపటికి జేసీబీ వచ్చింది. మా వీధి ఆడవాళ్లే ముందు వెళ్లి దాని ఎదుట కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. సైటు మేనేజరు వచ్చి, "అమ్మా, ఇది కంపెనీ స్థలం, మీరు పక్కకు రండి" అంటే, ఎదురింటి పెద్దావిడ, "ఏంది అబ్బయా, రాత్రికి రాత్రి రాళ్లు నాటితే పార్కు ప్లాటయిద్దా?" అని అడిగింది. మేనేజరు ఫోన్ పట్టుకుని పక్కకు వెళ్లాడు. జేసీబీ మధ్యాహ్నానికి తిరిగిపోయింది.

సంస్థ వాదన ఏమిటంటే, ప్లానును సవరిస్తున్నామని, పార్కును లేఅవుట్ పడమటి అంచున కాలువ వెంట ఇస్తామని, కాబట్టి పది శాతం లెక్క చెడదని. కాగితం మీద ఇది సబబుగానే కనిపిస్తుంది. కానీ కాలువ గట్టు పక్కన నిబంధనల ప్రకారం ఎలాగూ కట్టడాలు లేకుండా వదలవలసిన పట్టీనే వాళ్లు పార్కుగా చూపుతున్నారు. అంటే ఒకే స్థలాన్ని రెండు లెక్కల్లో రాసుకోవడం. పైగా నడిమి స్థలం లేఅవుట్ అంతటికీ పల్లం. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా నవంబరు వానల్లో, నాలుగు వీధుల నీళ్లు అక్కడికే చేరి ఇంకిపోతాయి. 2021 నవంబరులో పెన్నా వరదలు చూసిన ఈ జిల్లాలో పల్లం పూడ్చి ఇళ్లు కడితే ఆ నీళ్లు ఎవరి గుమ్మంలోకి వెళ్తాయో ఇంజనీరు చెప్పనక్కర్లేదు.

చట్టం విషయానికి వస్తే, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టంలోని 14వ సెక్షన్ మాకు బాగా పనికివచ్చింది. మంజూరైన లేఅవుట్ ప్లానును, ఉమ్మడి స్థలాలను మార్చాలంటే కొనుగోలుదారులలో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒక మనిషి పేరున, అతని కుటుంబం పేరున ఎన్ని ప్లాట్లున్నా ఒక్క కొనుగోలుదారుగానే లెక్క. సంస్థ మొదట చూపిన సంతకాల జాబితాలో పెట్టుబడి కోసం ఐదారేసి ప్లాట్లు తీసుకున్నవారిని ప్లాటుకొకసారి చొప్పున లెక్కించారు. ఆ జాబితాను మా సంఘం వరుసగా సరిచూసి, ఒక్కొక్క పేరును ఒక్కసారికే కుదిస్తే అది రెండు వంతులకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. బెంగళూరులో లేఅవుట్ పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన కేసులో 1991లో సుప్రీంకోర్టు, కాలనీవాసులకు ప్రశ్నించే హక్కు ఉందని చెప్పి ఆ కేటాయింపును నిలబెట్టలేదు. ఆ తీర్పు జిరాక్సు ప్రతి మా అర్జీల కట్టలో అన్నిటికంటే పైన ఉంది.

మాలో అందరిదీ ఒకే మాట కాదని కూడా చెప్పాలి. చెన్నైలో, గల్ఫ్‌లో ఉంటూ ఇక్కడ ఖాళీ ప్లాటు ఉంచుకున్న కొందరు, ఇళ్లు పెరిగితే రేటు పెరుగుతుందని సంస్థ వైపు సంతకాలు చేశారు. నెల్లూరులో సామాన్యుడికి ఇంటి స్థలం అందడం లేదన్నదీ నిజమే. అయితే ఆ ఇరవై ప్లాట్లు సామాన్యుడి కోసం కోస్తున్నవి కావు. వాటి ధర మేము కొన్నదానికి రెట్టింపు పైచిలుకు చెబుతున్నారు.

అమ్మకం తర్వాత సేవ గురించి ఒక్క మాట చాలు: అమ్మేటప్పుడు ఇంటికి కారు పంపిన ఆఫీసు, ఈ గొడవ మొదలయ్యాక మా ఫోన్లు ఎత్తడం మానేసింది. వినాయక చవితికి పెద్ద చందా ఇస్తామని మాత్రం మనిషితో కబురు పంపింది. సంఘం తీసుకోలేదు.

ఇప్పటికి పనులు ఆగి ఉన్నాయి. రాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. రెరా అధికారులకు ఇచ్చిన ఫిర్యాదు, కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చిన అర్జీ నడుస్తున్నాయి. రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి దానపత్రం నకలు తీయించాం. అందులో హద్దులు స్పష్టంగా నడిమి స్థలానివే, కాలువ పట్టీ ప్రస్తావన లేదు. ఇతర వెంచర్లలో కొనేవారు కూడా బయానా ఇవ్వకముందే ఈ నకలును, ఈసీని (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) కలిపి చూసుకోవడం మంచిది. బ్రోచర్‌లోని పచ్చరంగుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు.

ఈ వెంచర్‌లో పాత ప్లాటు ఎవరైనా తిరిగి అమ్ముతుంటే, రోడ్లు, నీళ్లు చూసుకుని నిరభ్యంతరంగా కొనవచ్చని నా అభిప్రాయం. సంస్థ ఇప్పుడు 'రెండో దశ' పేరుతో అమ్మజూపుతున్నవాటి జోలికి మాత్రం వెళ్లవద్దు. వాటి కరపత్రంలో చట్టప్రకారం ఉండవలసిన రెరా నంబరు లేదు, నంబర్ల చివర 'ఏ' అక్షరం చేర్చి ఉన్న ఆ ప్లాట్లు మంజూరైన ప్లానులో ఎక్కడా కనిపించవు.