యూనివర్సిటీలో లాటిన్: చదివి, వాడి చూశాక

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి చేరితే, ఏదో ఒక విదేశీ భాష కూడా చదవాల్సిందే అన్నారు. స్పానిష్ అయితే క్లాసులో లేచి మాట్లాడాలి. లాటిన్‌కి ఆ టెన్షన్ లేదని విని అందులో చేరి, రోమన్ మహాకవి వర్జిల్ దాకా వెళ్లాను. చదువైపోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు పుస్తకం తీస్తుంటాను.

ఇంగ్లిష్ పదాలు బాగా వస్తాయని ఊరిస్తారు. వస్తాయి, కానీ అందుకోసమే అయితే ఇంత శ్రమ దండగ. లాయర్లకు పనికొస్తుందనే మాటా అంతే. మన హైకోర్టుల్లో రోజూ హెబియస్ కార్పస్, సుమోటో అనేవాళ్లలో లాటిన్ చదివినవాళ్లు ఎందరుంటారు?

నాకు నిజంగా ఒంటబట్టింది నిదానంగా చదవడం. లాటిన్‌లో పదాల వరుసను నమ్ముకుంటే అర్థం తప్పుతుంది. విశేషణం ఒకచోట, దాని నామవాచకం నాలుగు మాటల అవతల ఉంటాయి. ప్రత్యయాలు చూసి జత కలుపుకోవాలి. రోమన్ వక్త సిసెరో అయితే అరపేజీ వాక్యం రాసి క్రియను చివర్లో పెడతాడు. ఊహించి రాస్తే దొరికిపోతాం. ఆఫీసులో ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్ ముందు కూర్చున్నప్పుడు ఈ ఓపికే అక్కరకొస్తోంది. అన్నట్టు, మేమంతా వాడిన 'వర్డ్స్' అనే లాటిన్ నిఘంటువు ప్రోగ్రామ్‌ని విలియం విటకర్ ఏడా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాడు. ఆ భాష పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉంది.

డు-ము-వు-లు బట్టీ పట్టిన మనకు లాటిన్ విభక్తులు కొత్తగా అనిపించవు. ఇక ఛందస్సు దగ్గర మన పంట పండినట్టే. సంయుక్తాక్షరం ముందున్నది గురువు అనే సూత్రం అక్కడా దాదాపు అలాగే ఉంది. వర్జిల్ మహాకావ్యం 'ఈనీడ్' మొదలు చూడండి: అర్మ వి | రుంక్వె క | నో... వరసగా రెండు భగణాలు! పాదానికి ఆరు గణాలు. మొదటి నాలుగు చోట్ల భగణమైనా, రెండు గురువులైనా రావచ్చు. అయిదో చోట మామూలుగా భగణమే. మాట చివరి అచ్చు, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే లోపిస్తుంది. తోటి విద్యార్థులు పాదం విడగొట్టలేక తంటాలు పడుతుంటే, స్కూల్లో తెలుగు మాస్టారు చేయించిన గణవిభజన నన్ను గట్టెక్కించింది.

లోటుపాట్లూ ఉన్నాయి. మొదటి ఏడాదంతా రూపాలు వల్లెవేయడమే, పరమ విసుగు. పది రోజులు పుస్తకం ముట్టకపోతే సగం ఎగిరిపోతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూల్లో దీని గురించి సరదాగా అడిగారే తప్ప, దీన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. పైగా వారం వారం పరీక్షలుంటాయి. మిగతా సబ్జెక్టులు బరువుగా ఉన్న సెమిస్టర్‌లో దీని జోలికి పోవద్దు.

ఒక్క ఏడాది చదివి ఆపేద్దామనుకుంటే అసలు మొదలుపెట్టకండి, రుచి తెలిసేది కవుల దగ్గరికి వెళ్లాకే. కొన్నిచోట్ల పిల్లలు చాలక పైక్లాసులు ఎత్తేస్తారు. చేరేముందే రెండో ఏడాది తర్వాత ఏమేం చెబుతారో డిపార్ట్‌మెంట్‌లో కనుక్కోండి.