‘రేర్’కూ ‘స్కేర్స్’కూ తేడా చూపే నిఘంటువు: వర్డ్‌నెట్ సమీక్ష

ఇంగ్లీషులో రాసేవారికి ‘రేర్’ (అరుదైన), ‘స్కేర్స్’ (కొరతగా ఉన్న), ‘అన్‌కామన్’ (అంతగా కనిపించని), ‘ఇన్‌ఫ్రీక్వెంట్’ (తరచుగా జరగని), ‘స్పొరాడిక్’ (క్రమం లేకుండా అప్పుడప్పుడూ జరిగే) అనే విశేషణాలలో ఏది వాడాలో తేల్చుకోలేని సందర్భాలు తరచుగా ఎదురవుతాయి. మామూలు పర్యాయపద నిఘంటువు తెరిస్తే ఇవన్నీ కామాల మధ్య ఒకే వరుసలో కనిపిస్తాయి గాని, దేని స్థానంలో దేన్ని పెట్టకూడదో అది చెప్పదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందిస్తున్న వర్డ్‌నెట్ అనే కంప్యూటర్ నిఘంటువు ఈ చిక్కు తీర్చడానికి ఎంతవరకు పనికివస్తుందన్నదే ఇక్కడి విషయం. ఈ పదాలను విడదీసి చూపడంలో దాని బలమంతా వ్యతిరేకపదాలలో ఉందనీ, వాడుక దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు నోరు మెదపదనీ నా అభిప్రాయం.

మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఆధ్వర్యంలో 1985లో మొదలైన ఈ నిర్మాణం పదాలను అక్షరక్రమంలో కాక అర్థాలను బట్టి కూర్చింది. 3.0 వెర్షన్‌లో సుమారు 1,55,000 పదాలు, 1,17,000కు పైగా సమానార్థక గుంపులు ఉన్నాయి. ఒక్కో గుంపును సిన్‌సెట్ అంటారు. నామవాచకాలను జాతి, ఉపజాతి వరుసలో పేర్చిన ఈ నిఘంటువు విశేషణాలకు మాత్రం వేరే పద్ధతి పాటించింది. ఒకదానికొకటి ఎదురైన రెండు పదాలను రెండు కొసల్లో నిలబెట్టి, దగ్గరి అర్థమున్న మిగతా పదాలను వాటి చుట్టూ చేర్చింది. మనకు కావలసిన తేడాలు ఈ అమరికలోనే బయటపడతాయి.

వర్డ్‌నెట్‌లో పదం వెతికితే దానికి సంబంధించిన పదాల పట్టిక కూడా దొరుకుతుంది. ‘అన్‌కామన్’కు ఎదురుగా ‘కామన్’, ‘ఇన్‌ఫ్రీక్వెంట్’కు ఎదురుగా ‘ఫ్రీక్వెంట్’ ఉండడంలో వింతేమీ లేదు. ‘స్కేర్స్’కు ఎదురుగా ‘అబండెంట్’, అంటే సమృద్ధి కనిపించినప్పుడే విషయం తేటపడుతుంది. గిరాకీతో పోల్చినప్పుడు పరిమాణంలోనో సంఖ్యలోనో చాలనిది అని దానికిచ్చిన నిర్వచనం చెబుతుంది. అంటే కోరేవారు లేనిదే ‘స్కేర్స్’ అనే మాటకు అర్థం లేదు. ‘రేర్’కు ఆ అవసరం లేదు. ఎవరికీ అక్కరలేని వస్తువు కూడా లోకంలో ఒకటో రెండో మాత్రమే ఉంటే ‘రేర్’ అవుతుంది. భూమి మీద నీరు ఎన్నడూ ‘రేర్’ కాదు, అయినా ఎండాకాలంలో ‘స్కేర్స్’ అవుతుంది. ఆర్థికశాస్త్రాన్ని నిర్వచిస్తూ 1932లో ఆర్థికవేత్త లయనెల్ రాబిన్స్ వనరుల గురించి ‘స్కేర్స్’ అన్న పదాన్నే వాడారు. అక్కడ ‘రేర్’ అని పెడితే ఆ నిర్వచనమే కూలిపోతుంది.

ఈ తేడా పట్టించుకోకపోతే ఎంత గందరగోళమో ‘రేర్ ఎర్త్’ మూలకాలను చూస్తే తెలుస్తుంది. ఈ 17 మూలకాలలో ఒకటైన సీరియం భూమి పైపొరలో దాదాపు రాగి ఉన్నంత ఉంటుంది. పేరులోని ‘ఎర్త్’ కూడా నేల కాదు, ఆక్సైడ్‌లకు పూర్వపు రసాయన శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పాత పేరు. తవ్వితే గిట్టుబాటయ్యేంత చిక్కగా ఒకచోట దొరకకపోవడమే వీటితో వచ్చిన ఇబ్బంది. కాబట్టి వీటి నిల్వలు పలచగా పరచుకున్నవి, అంటే ‘స్పార్స్’. వీటిని సరఫరా చేసే దేశం ఎగుమతులు బిగించిన రోజున ఇవి ‘స్కేర్స్’ అవుతాయి. ప్రొమీథియం లాంటి ఒకదాన్ని మినహాయిస్తే వీటిలో చాలావాటికి ‘రేర్’ అన్న మాట అతకదు. వర్డ్‌నెట్‌లో ఈ మూడు పదాలనూ ఒకదాని పక్కన ఒకటి తెరిచి చూసినవారు వార్తలో ఏ మాట ఎక్కడ పడాలో సులువుగానే పోల్చుకోగలరు.

కాలానికి సంబంధించిన పదాల్లోనూ ఇదే మేలు కనిపిస్తుంది. ‘స్పొరాడిక్’కు ఎదురుగా ‘కంటిన్యువల్’ను, అంటే ఎడతెగకుండా సాగేదాన్ని నిలబెట్టడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఆ పదంలో ముఖ్యమైనది తక్కువదనం కాదు, ఒక క్రమం లేకపోవడం. హేలీ తోకచుక్క సుమారు 76 ఏళ్లకొకసారి వస్తుంది. 1986లో వచ్చింది, మళ్లీ 2061లో వస్తుంది. దాని రాక ‘ఇన్‌ఫ్రీక్వెంట్’, ‘రేర్’ అని కూడా అనవచ్చు, కాని ముందే లెక్కకు అందేది గనుక ‘స్పొరాడిక్’ మాత్రం కాదు. ఏ ఉల్కాపాతానికీ చెందకుండా విడిగా రాలే ఉల్కలను ఖగోళ శాస్త్రజ్ఞులు ‘స్పొరాడిక్’ ఉల్కలంటారు. చీకటి ఆకాశం కింద కాసేపు కూర్చుంటే అవి ఏ రాత్రయినా కనిపిస్తాయి.

‘రేర్’ అన్న పదం ఒక్కదానికే వర్డ్‌నెట్ ఆరు అర్థాలిచ్చింది. పలచబడిన వాయువు, సగమే కాలిన మాంసం అన్నవి విడి సంగతులు. మిగతావాటిలో ఎక్కువమందికి తెలియనిది, చాలాకాలానికొకసారి జరిగేది, విస్తారంగా లేనిది అన్న మూడింటిని వేరువేరు అర్థాలుగా కోయడం నాకు అతిగా తోచింది. ‘రేర్’ మొక్క అన్నప్పుడు రాసేవారి మనసులో మొదటిదీ మూడోదీ కలిసే ఉంటాయి. అయితే మొదటి అర్థంలో ‘అందువల్లనే విలువైనది’ అన్న ఛాయను నిర్వచనంలోకి తెచ్చినందుకు మెచ్చుకోవాలి. ‘అన్‌కామన్’లో ఆ అపురూపత ఉండదు.

తీవ్రత దగ్గర మాత్రం ఈ నిఘంటువు మనల్ని వదిలేస్తుంది. ‘అన్‌కామన్’ కన్నా ‘రేర్’ ఎంత అరుదో అందులో ఎక్కడా తేలదు. మందుల దుష్ఫలితాలు చెప్పే కరపత్రాలలో, ముఖ్యంగా ఐరోపా పద్ధతి పాటించేవాటిలో, ఈ రెండింటికీ ఖచ్చితమైన హద్దులున్నాయి: వెయ్యిమందిలో ఒకరి నుంచి వందమందిలో ఒకరి వరకు వస్తే ‘అన్‌కామన్’, పదివేలమందిలో ఒకరి నుంచి వెయ్యిమందిలో ఒకరి వరకు వస్తే ‘రేర్’. కేవలం వర్డ్‌నెట్‌ను నమ్ముకుని ఇలాంటి కరపత్రాన్ని అనువదించినవారు ఈ రెండింటికీ ఒకే తెలుగు మాట పెడితే పదిరెట్ల తేడా కొట్టుకుపోతుంది. అలాగే ‘అరుదైన వ్యాధి’ అంటే ఐరోపా సమాఖ్యలో పదివేలమందిలో ఐదుగురికి మించి రానిది, అమెరికాలో మొత్తం రోగులు రెండు లక్షల లోపు ఉన్నది. ఇలాంటి శాస్త్రీయ హద్దులు సాధారణ నిఘంటువులో ఉండాలని పట్టుబట్టను గాని, హద్దులున్నాయన్న సూచన కూడా లేకపోవడం లోటే.

ఉచ్చారణ, పదాల పుట్టుపూర్వోత్తరాలు ఇందులో ఉండవు. ప్రిన్స్‌టన్‌లో కొత్త మార్పులు చేయడం ఆగిపోయింది. ఆ సమాచారాన్ని ఆధారం చేసుకుని ఓపెన్ ఇంగ్లీష్ వర్డ్‌నెట్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు సవరణలు కొనసాగిస్తోంది, కాబట్టి కొత్త పదాలు కావలసినవారు అటు వెళ్లాలి. అనువాదకులకూ సంపాదకులకూ దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు మాత్రం నిండు వాక్యాలతో వాడుక చూపే అభ్యాసకుల నిఘంటువును ముందు చేతిలో ఉంచుకుని, సందేహం రెండు పదాల మధ్యకు వచ్చి ఆగినప్పుడు దీన్ని తెరవడం మంచిది.