విజయవాడ గవర్నర్‌పేట సందులో గిటారు డాక్టరు

ఈ చిన్న రిపేరు కొట్టుకి సరైన బోర్డు కూడా లేదు, పని మాత్రం గట్టిది. ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కూర్పించుకుందామని నేను పట్టుకెళ్లింది అంతా వంకలున్న సరుకే. అంచు చీలిన స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా) బాడీ, సెకండ్స్ (చిన్న లోపమున్న సరుకు) కింద చవగ్గా దొరికిన మేపుల్ చెక్క నెక్ (గిటారు మెడ), పాత గిటారులోంచి పీకిన హంబకర్ (గుయ్యిమనే రొద తగ్గించేలా రెండు కాయిల్స్‌తో చేసిన పికప్). రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ అంతటివాడు 50 డాలర్ల సెకండ్స్ బాడీతోనే తన అతుకుల గిటారు ఫ్రాంకెన్‌స్ట్రాట్ చేసుకున్నాడు, నాకేం తక్కువని!

మేస్త్రీ గారు ముందు టేపు తీశారు. నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దాకా ఎంతుంటే అక్కడినుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా దాదాపు అంతే ఉండాలి. 25.5 అంగుళాల స్కేలుకి (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) అది 12.75. "బ్రిడ్జి కన్నాలు పక్కకి పోయాయి బాబూ, పూడ్చి మళ్లీ వేయాలి" అన్నారు. పాత కన్నాల్లోకి జిగురు రాసిన చెక్క చీలలు దిగ్గొట్టి, ఆరాక బ్లేడుతో సాపు చేసి, నెక్ మధ్యగీతకి దారం లాగి చూసుకుని కొత్తవి వేశారు. నెక్ అడుగున పల్చటి చెక్క పొర పెట్టేసరికి తీగల ఎత్తు దారికొచ్చింది. హంబకర్ అయినా గుయ్యిమంటుంటే లోపల రాగి రేకు అతికించి ఎర్త్ కలిపారు. ఇప్పుడు ఆంప్ (యాంప్లిఫయర్) పెంచినా గోల లేదు.

కూలి నాలుగు వేలు, నాకు సబబే అనిపించింది. చెప్పిన రోజుకి ఇవ్వరు, ఫోనూ ఎత్తరు. పెయింటు పని మాత్రం ఇవ్వకండి, చీలిక గీత ఇంకా కనిపిస్తోంది. తీగల సెట్టు మీరే కొనుక్కెళ్లండి.