పొగతోటలో ఈఈజీ తీయించాలా? ముందు ఫోన్లో ఈ మాట అడగండి

నెల్లూరు పొగతోటలో మేం చూసిన రెండు ల్యాబుల్లోనూ ఈఈజీకి (తలకి వైర్లు అంటించి మెదడు సిగ్నల్స్ రాసుకునే టెస్టు) తీసుకునే డబ్బులు దాదాపు ఒకటే, చేసే పని మాత్రం ఒకటి కాదు. మా తమ్ముడి కూతురికి రెండు చోట్లా తీయించాం కాబట్టి చెప్తున్నా. పాప ఇంటర్ చదువుతోంది. పొద్దున లేవగానే చేతులు ఒక్కసారిగా అదిరి గ్లాసు జారిపోయేది. పరీక్షలకి రాత్రంతా మేలుకున్న మర్నాడు ఫిట్స్ రావడంతో కావలి నుంచి నెల్లూరు తీసుకొచ్చాం.

మొదటి ల్యాబులో పట్టుమని పది నిమిషాలు కూడా తీయలేదు. తలకి నూనె ఉందా, రాత్రి నిద్రపోయిందా, ఏమీ అడగలేదు. రిపోర్టు నార్మల్ అని చేతిలో పెట్టారు. మా అమ్మయితే ఇంక మాత్రలెందుకు, దిష్టి తీస్తే పోతుందనింది. న్యూరాలజీ సారు మాత్రం, ఈఈజీ నార్మల్ వస్తే మూర్ఛ లేదని కాదమ్మా, తీసిన ఆ కాసేపట్లో తేడా దొరకలేదని మాత్రమే, నిద్రలో కూడా తీసే చోట మళ్లీ తీయించండి అన్నారు.

రెండో ల్యాబుకి నేను నాలుగు స్టార్లు ఇస్తా. ఫోన్ చేసినప్పుడే అన్నీ చెప్పారు: ముందురోజు షాంపూతో తలంటాలి, నూనె రాయకూడదు, రాత్రి నిద్ర తగ్గించాలి, పొద్దున కాఫీ టీలు వద్దు, టిఫిన్ తినే రావాలి, డాక్టర్ చెప్పకుండా మాత్రలు ఆపకూడదు. నిద్ర లేని పిల్లని బండి మీద తేవద్దని కూడా గుర్తుచేశారు. టెక్నీషియన్ అమ్మాయి టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఇరవైకి పైగా వైర్లు అంటించింది. పాప కరెంటు పెడతారేమోనని భయపడుతుంటే, లోపలికి ఏమీ పంపం, మెదడులో పుట్టే సిగ్నల్స్‌నే రాసుకుంటాం అని ఓపిగ్గా చెప్పింది. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీయించి, కళ్ల ముందు లైటు మిణుకుమిణుకుమనిపించి, ఆ తర్వాత నిద్రపుచ్చి తీసింది. లైటు పెట్టినప్పుడే గీతల్లో తేడా బయటపడిందట.

అది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే ఈడు పిల్లల్లో మొదలయ్యే, చేతులు అదిరే రకం మూర్ఛ అని సారు చెప్పారు. రకం తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, ఫిట్స్‌కి వాడే కొన్ని మాత్రలు ఈ రకంలో అదురుడుని ఇంకా పెంచుతాయి. ఎంఆర్‌ఐ నార్మల్ వచ్చింది, ఈ రకంలో మామూలుగా అలాగే వస్తుందట. అలాగని అది దండగ ఖర్చు అనుకోవద్దు, మన దేశంలో బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ వచ్చేవాళ్లు చాలామంది, అవి స్కానింగ్‌లోనే కనిపిస్తాయి. రక్తంలో షుగరు, సోడియం, కాల్షియం కూడా చూశారు, అవి బాగా తగ్గినా ఫిట్స్ వస్తాయి కాబట్టి.

అన్నింటికంటే సారుకి ఎక్కువ పనికొచ్చింది మా తమ్ముడు సెల్లులో తీసిన వీడియో, పాప చేతులు అదురుతున్నది. దాన్ని రెండుమూడు సార్లు తిప్పితిప్పి చూశారు.

అందుకని ల్యాబుకి పోయేముందు ఫోన్లో ఒక్క మాట అడగండి: ఊపిరి, లైటు, నిద్ర మూడూ చేస్తారా? నీళ్లు నమిలితే ఇంకో చోటు చూసుకోండి. ఐదో స్టారు ఎందుకు తగ్గించానంటే, టెస్టు అయ్యాక జుట్టుకి అంటిన పేస్టు కడుక్కోడానికి అక్కడ సరైన చోటు లేదు, ఎదిగిన పిల్ల ఆ తలతోనే కావలి బస్సెక్కింది. ఒక టవలు, చున్నీ వెంట పెట్టుకోండి.