సోరియాసిస్ ఉంటే గుండె కోసం ఏ పరీక్ష ముందు?

మా పిన్నికి పన్నెండేళ్లుగా సోరియాసిస్. మోచేతుల మీద, తలలో పొలుసులు. ఏటా విటమిన్ డి పరీక్ష చేయించుకుని, వారానికో పొడి ప్యాకెట్ పాలల్లో కలుపుకుని తాగేది. బీపీ 160 దాటిందన్న సంగతి మాత్రం కళ్లజోడు కోసం వెళ్లినప్పుడు బయటపడింది.

ఈ జబ్బు చర్మంతో ఆగదు. లోపల వాపులా రగిలే ఇన్‌ఫ్లమేషన్ రక్తనాళాలనూ పాడుచేస్తుంది. 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు సోరియాసిస్‌ని గుండె ముప్పు పెంచేవాటిలో చేర్చాయి. మరి డబ్బు ముందు ఏ పరీక్షకి పెట్టాలి?

సోరియాసిస్ ఉన్నవారిలో విటమిన్ డి తరచు తక్కువే. పొలుసుల మీద రాసే కాల్సిపోట్రయాల్ కూడా ఆ జాతి మందే కాబట్టి డి మీద ఆశ పెరుగుతుంది. కానీ వైటల్ అధ్యయనంలో 25,871 మందిలో సగం మందికి రోజూ 2000 యూనిట్ల డి3 ఇచ్చి ఐదేళ్లు చూస్తే గుండెపోట్లు తగ్గలేదు. వాళ్లు సాధారణ జనమే, సోరియాసిస్ రోగులని ఎంచుకోలేదు. అయినా ఆ ఫలితాన్ని తీసిపారేయలేం.

హోమోసిస్టీన్ (రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం, ఎక్కువైతే గుండె ముప్పుకి గుర్తుగా చూస్తారు) కథా దాదాపు అంతే. ఫోలేట్, బి12 తగ్గితే అది పెరుగుతుంది. సోరియాసిస్‌లో చర్మకణాలు నెలకు బదులు కొద్ది రోజుల్లోనే పుట్టి రాలిపోతాయి, అందులో ఫోలేట్ ఖర్చవుతుందని భావిస్తారు. 2006లో వచ్చిన హోప్-2 అధ్యయనంలో బి విటమిన్లతో హోమోసిస్టీన్ దిగింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. అయితే శాకాహారులు, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బి12 చూపించుకోవాలి, నరాల కోసం. మెథోట్రెక్సేట్ వాడేవారికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. (సోరియాసిస్‌కి ఆ మందు వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.)

హెచ్‌ఎస్-సీఆర్‌పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ని కొలిచే పరీక్ష) సంగతా? పొలుసులు, కీళ్లనొప్పులు ఉన్నప్పుడు అదెలాగూ పెరుగుతుంది, కాబట్టి గుండె గురించి విడిగా చెప్పేది తక్కువ.

నా లెక్కలో ముందు వరసలో ఉండాల్సినవి బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్). కారణం ఒక్కటే: వీటిలో తేడా కనబడితే చేయగలిగింది ఉంది. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌ని స్టాటిన్ మాత్రలతో తగ్గిస్తే గుండెపోట్లు నిజంగా తగ్గుతాయి, బీపీ మందుతో పక్షవాతం తగ్గుతుంది. పైగా సోరియాసిస్ మందులే వీటిని కదిలిస్తాయి: అసిట్రెటిన్‌తో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు), సైక్లోస్పోరిన్‌తో బీపీ పెరగొచ్చు. ఆ మందులు రాసిన రోజే ఈ పరీక్షలూ రాయమని అడగండి.

పిన్ని ఇప్పుడు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటోంది. డి పొడి నెలకొకటి చాలన్నారు డాక్టరు.