చిక్‌పేటలో జనతా వాచీకి సర్వీసు

బెంగళూరు చిక్‌పేటలోని ఒక చిన్న దుకాణంలో మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీని సర్వీసుకు ఇచ్చాను. కీ ఇచ్చే ఈ వాచీ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదు సార్లు కొట్టుకోవాలి. ఆ చప్పుడును మైక్రోఫోనుతో విని, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో లెక్కగట్టే టైమ్‌గ్రాఫర్ అనే పరికరం మీద వాచీని పెట్టి, దుకాణదారు తెరను నా వైపు తిప్పి తెలుగులోనే వివరించారు. పడుకోబెట్టినప్పుడు ఒక లెక్క, నిలబెట్టినప్పుడు మరొక లెక్క రావడం సహజమే గాని, తేడా మరీ ఎక్కువగా ఉండటంతో, వాచీ వేగాన్ని సరిచేసే రెగ్యులేటర్‌ను కాస్త జరిపి సరిపెట్టకుండా, వాచీని పూర్తిగా విప్పి, గట్టిపడిన నూనెను కడిగి కొత్త నూనె వేశారు. ఇప్పుడు తేడా రోజుకు 10 సెకన్ల లోపే ఉంటోంది. ఇంత పాత యంత్రానికి అది మెచ్చదగినదే. చెప్పిన గడువు దాటడం, రసీదులో పని వివరాలు రాయకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. క్వార్ట్జ్ వాచీకి బ్యాటరీ మార్పించడానికైతే ఇంత దూరం రానక్కరలేదు.