రాగి వైరని అమ్మారు, గీకితే లోపల తెల్లగా ఉంది

విజయనగరంలో వంటింటికి కరెంటు పొయ్యి పెట్టుకునే ఆలోచనలో ఉన్నవారు వైరు కొనే ముందు ఇది చదవండి.

మాది రెండు పొయ్యిల ఇండక్షన్. రెండూ పూర్తి మంట మీద పెడితే 3,500 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 15 ఆంపియర్ల పైమాటే. విడిగా లైను లాగించాలని తెలిసి, పట్టణంలోని ఒక దుకాణంలో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడిగాను. "పేరున్న కంపెనీలకు ఏమాత్రం తీసిపోదు బాబూ, ధర మాత్రం సగమే" అన్నాడు యజమాని. చుట్ట చేతికి తేలిగ్గా తగిలింది. మోయడం సులువని సంతోషించాను కూడా!

మిక్సీని కూడా అదే లైనుకు కలిపాం. రెండూ కలిసి నడిస్తే 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే లైను ఆపేసే స్విచ్, పడిపోయేది. విసుగెత్తి ఎలక్ట్రీషియన్‌కు చెబితే దాన్ని తీసి 32ది బిగించాడు. ఇక పడలేదు. పడకపోవడమే ప్రమాదమని అప్పుడు తట్టలేదు. ఎంసీబీ కాపాడేది పొయ్యిని కాదు, గోడలోని వైరును.

సిరిమానోత్సవానికి బంధువులు దిగిన రోజు, ఒక పొయ్యి మీద పులిహోరకు అన్నం, రెండో దాని మీద పప్పు. గంట గడిచేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన. మెయిన్ ఆపి సాకెట్ విప్పితే, వెనక వైరు తొడుగు కరిగి నల్లగా ముద్దయింది. భోజనానికి వచ్చిన మా బావ వైరింగ్ పనిలో ముప్పై ఏళ్లు ఉన్న మనిషి. బ్లేడుతో తీగను గీకి చూపించాడు. పైన రాగి పూత, లోపలంతా అల్యూమినియం. అదే మందంలో అల్యూమినియం రాగి మోసేంత కరెంటును మోయలేదు, వేడెక్కుతుంది. పైగా స్క్రూ కింద క్రమంగా వదులవుతుంది.

ఇప్పుడు 4 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, ఎర్త్ తీగతో సహా వేయించాం. మిక్సీ వేరే లైను మీదకు పోయింది. నాలుగు పొయ్యిలు, ఓవెన్ కలిసిన 7,000 వాట్ల రకమైతే ఇదీ చాలదు, 6 చదరపు మిల్లీమీటర్లది కావాలన్నాడు బావ.

డబ్బు ఇవ్వకముందే కొస గీకి చూడండి. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోండి. నేను చూడలేదు. మిగిలిన చుట్ట పట్టుకుని దుకాణానికి వెళితే, కోసిన వైరు వెనక్కి తీసుకోనన్నాడు. బిల్లు చూపిద్దామని జేబులో వెతికితే దొరికింది తెల్ల కాగితం చీటీ, దాని మీద మొత్తం తప్ప దుకాణం పేరు కూడా లేదు.